ఉసిళ్ల మూకుడు దగ్గర

(తొలకరి పడిన సాయంత్రం. పెరట్లో దీపం కింద పళ్లెంలో నీళ్లు, నీళ్ల నిండా ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. పట్టినవాడు బాబాయి. అడ్డుపడుతున్నది ఆహార పరీక్షల ప్రయోగశాలలో పనిచేసే అన్న కూతురు.)

బాబాయి: మూకుడు కాగింది, జరుగమ్మా. వేయించి చేటతో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయి. కాస్త ఉప్పు, కాసిని వేయించిన శనగలు. మాంసం కొనలేని రోజుల్లో మా ప్రాణం నిలిపినవి ఇవే.

అమ్మాయి: బలమైన తిండి కాదని నేననలేదు. కొవ్వు, మాంసకృత్తులు దండిగానే ఉంటాయి. కానీ పురుగుల్లో మాంసకృత్తులు ఇన్ని అని చెప్పే లెక్కలు కాస్త ఉబ్బినవి. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేస్తారు. పురుగు పెంకులోని కైటిన్‌లోనూ నత్రజని ఉంటుంది, అదీ మాంసకృత్తుల ఖాతాలో పడుతుంది. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు మూడు రకాల పురుగులను పరీక్షించి 4.76 చాలన్నారు. అంటే నూటికి 60 పాళ్లు అని చెప్పుకున్నది 46కు దిగుతుంది.

బాబాయి: 46 మాత్రం తక్కువా? ఐరోపావాళ్లు కూడా 2021లో ఎండిన పిండిపురుగును తినవచ్చన్నారు కదా!

అమ్మాయి: అన్నారు. రొయ్యలు, పీతలు పడనివారికి ఇదీ పడకపోవచ్చని పొట్లం మీద రాయమని కూడా అన్నారు.

బాబాయి: (గరిటె ఆపి) వదినకు రొయ్యలు పడవు. పెళ్లయిన కొత్తలో ఉసిళ్లు తిని ఒళ్లంతా దద్దుర్లు వస్తే, దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీశాం.

అమ్మాయి: ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదే! సరే, అమ్మ సంగతి తేలింది. ఇవి ఏ పుట్టవి?

బాబాయి: ఏమో. దీపానికి వచ్చాయి.

అమ్మాయి: పక్క స్థలంలో పునాదికి చెదలమందు పోశారు కదా?

బాబాయి: మందు తగిలితే చచ్చేవి. ఎగిరి ఎలా వస్తాయి?

(పక్కనే ఉండి వింటున్న నేను, ఇక్కడ బాబాయి గెలిచాడనే అనుకున్నాను.)

అమ్మాయి: కొన్ని మందులు వెంటనే చంపవు బాబాయి. ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటూ పుట్ట లోపలిదాకా చేరాలని నెమ్మదిగా పనిచేసేలానే తయారుచేస్తారు. మూకుడు వేడికి సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి, మందు పోతుందని మాత్రం నమ్మలేం. 1988-89లో కువైట్‌లో తినడానికి పట్టిన మిడతల్లో పురుగుమందు అవశేషాలు బయటపడ్డాయి.

బాబాయి: మా చిన్నప్పుడు ఈ బెడద ఎక్కడిది! గుట్ట వెనక బీడులో పెద్ద పుట్ట ఉంది. అటు ఎవరూ ఏ మందూ చల్లరు.

అమ్మాయి: పట్టాక ఎంతసేపటికి వేయిస్తారు?

బాబాయి: రాత్రికి రాత్రే. తెల్లారితే కంపు కొడతాయి.

అమ్మాయి: అయితే రేపు అక్కడివి తెండి, నాకూ ఒక గుప్పెడు ఉంచండి.

బాబాయి: మరి ఈ పళ్లెంలోవి? కోళ్లకు వేయనా?

అమ్మాయి: ఆ కోళ్ల గుడ్లు తినేది మనమే కదా?