సవరణ: లుకప్‌వాల్యూ మీద మొన్న నేను చెప్పింది సగమే కరెక్ట్

మొన్న పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటా రిపోర్టుల టూల్) క్యాలిక్యులేటెడ్ కాలమ్స్, అంటే ఫార్ములాతో లెక్కగట్టే కాలమ్స్ గురించి రాస్తూ, వెతికే టేబుల్లో ఒకే కోడ్ రెండుసార్లు ఉంటే లుకప్‌వాల్యూ (ఇంకో టేబుల్లోంచి విలువ వెతికి తెచ్చే ఫంక్షన్) ఎర్రర్ ఇస్తుంది, ఫార్ములా చివర్లో ప్రత్యామ్నాయ విలువగా సున్నా పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది అన్నాను. మొదటి మాట పూర్తిగా నిజం కాదు, రెండోదైతే పచ్చి తప్పుడు సలహా.

ధరల టేబుల్లో పీ101 అనే వస్తువు కోడ్ రెండు వరుసల్లో ఉండి రెండింట్లోనూ ధర 40 అనే ఉందనుకోండి, ఏ ఎర్రరూ రాదు, 40 వచ్చేస్తుంది. ఒకదాంట్లో 45 అయిందా, అప్పుడు ఒక్క విలువ కావాల్సిన చోట చాలా వచ్చాయంటూ కాలమ్ మొత్తం ఎర్రర్‌లో పడుతుంది, ఆ ఒక్క వరుసే కాదు. అందుకే నిన్నటిదాకా బాగా నడిచిన ఫార్ములా రిఫ్రెష్ కాగానే తన్నేస్తుంది.

చివర్లో సున్నా పెడితే ఎర్రర్ పోతుంది, నిజమే, కానీ పీ101 అమ్మకాలన్నీ సున్నా ధరతో లెక్కలోకి వెళ్తాయి, పైకి ఏమీ కనబడదు. నేను అలాగే నెల మొత్తం తగ్గిందేంటా అని ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

డూప్లికేట్ పొరపాటున వచ్చిందైతే పవర్ క్వెరీలోనే (డేటా లోడయ్యే ముందు దాన్ని శుభ్రం చేసే చోటు) తీసేయండి. ధర నెలనెలా మారేదైతే కోడ్‌తో పాటు నెల కాలమ్‌ని కూడా రెండో షరతుగా ఇవ్వండి. ధరల టేబుల్లో కోడ్ ఒక్కోసారే ఉంటే రెండు టేబుళ్ల మధ్య ఆ కోడ్‌తో రిలేషన్‌షిప్ కలిపి రిలేటెడ్ ఫంక్షన్ వాడితే చాలు, అసలు లుకప్‌వాల్యూ జోలికే పోనక్కర్లేదు.