ఫీజు మాఫీ మనకు ఉండదు

ఎకనామిక్స్ పీహెచ్‌డీకి అమెరికాలో చాలా యూనివర్సిటీలు అప్లికేషన్ ఫీజు మాఫీని తమ పౌరులకు, శాశ్వత నివాసులకే ఇస్తాయి. అసలు డాలర్లలో కట్టడం కష్టమయ్యేది బయటి దేశాల వాళ్లకే కదా! డిగ్రీ అంతా ఇంగ్లిష్‌లో చదివినా కొన్నిచోట్ల టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష స్కోరు అడుగుతారు, ఆ స్కోరు 2 ఏళ్లు దాటితే చెల్లదు.

అన్నిటికన్నా బాధ పెట్టేది సిఫార్సు లేఖల సంగతి. జీఆర్ఈ ప్రవేశ పరీక్షలో లెక్కల భాగమైన క్వాంట్‌లో 170కి 170 వచ్చినా, రియల్ అనాలిసిస్ అనే పై స్థాయి గణితంలో మంచి మార్కులున్నా, లేఖ రాసిన ప్రొఫెసర్ పేరు అక్కడి కమిటీకి తెలియకపోతే దాని బరువు తగ్గిపోతుంది. మనల్ని ఏళ్లపాటు దగ్గరగా చూసిన మనిషి మాటకు అంత విలువ లేదా? డిసెంబర్‌లో అప్లికేషన్ పంపి నెలల తరబడి టెన్షన్ పడితే, వచ్చేది కారణం చెప్పని నాలుగు లైన్ల తిరస్కరణ. ఏం తక్కువైందో ఒక్క మాట చెప్పొచ్చు కదా!