ఏ సర్టిఫికెట్టు గారికి వైజాగ్ నుంచి ఒక బహిరంగ లేఖ

అయ్యా ఏ సర్టిఫికెట్టు గారికి,

విశాఖపట్నం నుంచి ఒక మామూలు ప్రేక్షకుడు రాసుకునేది. గారూ, మీరూ అని మర్యాదగానే మొదలెట్టా గానీ ఇది ఎక్కువసేపు నడవదు, మా ఊళ్ళో ఎంతటోడినైనా రెండో వాక్యంలో గురూ అనకపోతే నోరు ఊరుకోదు. కాబట్టి గురూ, సినిమాల మీద పెద్దలకు మాత్రమే అని పడే ముద్రవి నువ్వు, ముందు నీ పేరుతోనే గొడవ.

2017 మార్చిలో లోగన్ అనే హాలీవుడ్ సినిమా వచ్చినప్పుడు మా అక్క ఫోన్ చేసి, పిల్లాడు ఆ గోళ్ళ హీరో సినిమా అని ప్రాణం తీస్తున్నాడు, తీసుకెళ్ళరా, ఇంతకీ ఏ సర్టిఫికెట్టు అంది. ఏ సర్టిఫికెట్టే అన్నా. అదేరా, ఏ సర్టిఫికెట్టు? ఏ సర్టిఫికెట్టక్కా. ఒరే, నేనడిగింది నాకే తిప్పి చెప్తావేంట్రా, తెలీకపోతే తెలీదని చెప్పు అని ఫోన్ పెట్టేసింది. నేను మళ్ళీ చేసి సరిగ్గా చెప్పొచ్చు. చెయ్యలేదు. ఎందుకంటే నాకూ ఆ సినిమా చూడాలనుంది, పైగా ఇద్దరి టిక్కెట్లకీ డబ్బులు అక్కే ఇస్తానంది.

వాడికి తొమ్మిదేళ్ళు. బీచ్ రోడ్డులో కొన్న ప్లాస్టిక్ గోళ్ళు రెండు చేతులకీ తగిలించుకుని బండెక్కాడు. ఊళ్ళో ఒక హాలు, పేరెందుకులే, గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆయన వీడ్ని చూసి ఏటి బాబూ గోళ్ళు బాగున్నాయే అని బుగ్గ గిల్లి లోపలికి పంపేశాడు. లైట్లు ఆరిపోయాక నువ్వొచ్చావు, తెర నిండా. ఎవడూ చదవలేదు గురూ. స్టార్ హీరో సినిమాకైతే నీక్కూడా విజిల్స్ పడతాయి, కాగితాలు ఎగరేస్తారు, ఫోన్లో ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటారు, కానీ అప్పుడు కూడా చూసేది సినిమా పేరు, ఎన్ని నిమిషాలుంది అన్నదే, నీ అక్షరాన్ని పట్టించుకునేవాడే లేడు. కాసేపటికే తెర మీద కారు చక్రాలు ఊడదీస్తున్న దొంగల చేతులు తెగిపడ్డాయి. నేను గబుక్కున వాడి కళ్ళు మూశా. వాడు నా వేళ్ళ సందుల్లోంచి చూశాడు.

నిజం చెప్పాలంటే తప్పంతా నీది కాదు, నీ పాత పరపతి అలాంటిది. 1983లో నీకు యూఏ అని, పెద్దల తోడుతో పిల్లలూ చూడొచ్చనే ఒక తమ్ముడు పుట్టేదాకా ఉన్నది నువ్వూ, అందరూ చూడొచ్చనే యూ గారూ ఇద్దరే. పెద్దలకు మాత్రమే అంటే మాకు చిన్నప్పుడు తెలిసిన అర్థం ఒక్కటే, మార్నింగ్ షో. గోడ మీద పోస్టరు, మూల గుండ్రంలో నువ్వు, నేను నాన్న చెయ్యి పట్టుకుని వెళ్తుంటే ఆయన సడెన్‌గా అటు చూడరా షిప్పొస్తోంది అనేవారు. పూర్ణా మార్కెట్ నడిమధ్యలో షిప్పేంటి నాన్నా అని ఒక్కసారి కూడా అడగలేదు, ఎందుకంటే నేనూ పోస్టరే చూస్తున్నా.

అలా పెరిగిన బుర్రలు మావి. వీటిలో రెండే గదులుంటాయి, ఒకటి పిల్లల సినిమా, రెండోది బూతు సినిమా. మొహానికి ముసుగు, ఒంటికి బిగుతు డ్రెస్సు ఉంటే మొదటి గదిలోకి, గుండ్రంలో నువ్వుంటే రెండో గదిలోకి. రెండూ ఒకే పోస్టర్ మీద ఉంటే ఎక్కడ పెట్టాలో తెలీక జామ్ అయిపోతాం. 2016లో వచ్చిన సూపర్‌హీరో సినిమా డెడ్‌పూల్‌కి ఇదే జరిగింది, ఒక మల్టీప్లెక్స్‌లో నా కళ్ళముందే. ఎర్ర డ్రెస్సు చూసి ఇద్దరు పిల్లల్ని వేసుకొచ్చిన ఒకావిడ గేటు దగ్గర కుర్రాడితో పోట్లాట. సినిమా పెద్దలకు మేడమ్ అంటాడు వాడు. డ్రెస్సేసుకుని ఎగిరేవాడిది పెద్దల సినిమా ఏంటి బాబూ అంటుంది ఈవిడ. ఆ కుర్రాడు చాలా సిన్సియర్‌గా, ఇతను ఎగరడు మేడమ్ అన్నాడు. అదే సినిమాకి నిన్ను మాత్రమే నమ్ముకుని, పాత మార్నింగ్ షో ఆశలతో వచ్చిన ఒక పెద్దాయన ఇంటర్వెల్‌కే లేచి వెళ్ళిపోతూ, దీనికి ఏ ఎందుకిచ్చార్రా అని గొణుక్కున్నాడు. నీ మీద అంత నమ్మకం పెట్టుకున్న ఆఖరి మనిషి గురూ ఆయన.

ఈ రోగం మా ఒక్కళ్ళదే కాదులే. అమెరికాలో బొమ్మల పుస్తకాలు చదివి పిల్లలు పాడైపోతున్నారని 1954లో సెనేట్ విచారణ దాకా పోయింది, దెబ్బకి కంపెనీలే కామిక్స్ కోడ్ అని ఒక ముక్కుతాడు తమకి తామే వేసుకున్నాయి, ఆ తర్వాత చాలా ఏళ్ళు ముసుగు హీరోలంతా బుద్ధిమంతులైన బాలల్లా బతికారు. 1986లో ముసుగు హీరోల కామిక్ వాచ్‌మెన్ మొదలయ్యాక, అదీ 12 సంచికలు, ఆలన్ మూర్ రాత, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు, ముసుగు వెనక ఉన్నవాడికి పొట్ట, అప్పు, పిచ్చి, పాపం అన్నీ ఉండొచ్చని జనానికి గట్టిగా తెలిసింది. మనకైతే ఆ మాత్రం కొత్తేం కాదు, రాజుగారు శవాన్ని భుజానేసుకుని శ్మశానంలో నడుస్తుంటే, జవాబు తెలిసీ చెప్పకపోయావో తల వెయ్యి వక్కలవుతుందని శవంలోంచి బేతాళుడు బెదిరించే కథలు చందమామలో ఎనిమిదేళ్ళకే అన్నంలో పప్పులా కలిపి తినేశాం. ఎవడూ సర్టిఫికెట్ అడగలేదు.

సరే, లోగన్‌కొద్దాం. అసలు ఆ సినిమాలో ఉన్నదేంటి? తొంభై దాటిన ఒక ముసలి ప్రొఫెసర్, బుర్రకి జబ్బు. మందులు పడకపోతే ఫిట్స్, ఆ ఫిట్స్‌కి చుట్టుపక్కల జనం అంతా బిగుసుకుపోతారు. గోళ్ళ హీరో డ్రైవరు పని చేసి ఆయనకి మందులు కొంటాడు, ఎత్తుకుని బాత్రూంకి తీసుకెళ్తాడు, విసుక్కుంటాడు, మళ్ళీ ఎత్తుకుంటాడు. గురూ, ఇది మా ఎంవీపీ కాలనీలో వీధికి రెండిళ్ళలో రోజూ జరిగే కథ, గోళ్ళొక్కటే తక్కువ. ఆ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. మా హాల్లో మాత్రం సరిగ్గా ఆ సీన్లకే జనం పాప్‌కార్న్‌కి లేచారు. ఫైట్ ఎప్పుడ్రా అని ముందు వరస. వెనక సీట్లో ఒకాయన పెళ్ళాంతో, అచ్చం మీ నాన్నలా ఉన్నాడే అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మొత్తం హాల్లో సినిమా అర్థమైంది ఆవిడకేనేమో అని నా అనుమానం.

అయిపోయాక ఎవరూ కదల్లేదు, హీరో పోయాడన్న బాధతో అనుకునేవు, కాదు, పేర్లన్నీ పడ్డాక చివర్లో ఇంకో ముక్క వేస్తారని. వెయ్యలేదు. చీపురు పట్టుకుని వచ్చిన ఆయన మా కాళ్ళ మధ్యలోంచి ఊడ్చుకుంటూ పోయాడు, మేము ఇంకా తెర వైపే చూస్తున్నాం.

ఇప్పుడు నీకు చాడీ చెప్పాల్సింది ఇంకో బ్యాచ్ గురించి, వీళ్ళు నిన్ను చదువుతారు, అదే సమస్య. నువ్వుంటే చాలు వీళ్ళకి సినిమా గొప్పది. డార్క్‌గా ఉంది బ్రో అంటారు, సగం సీన్లు నిజంగానే చీకట్లో తీశారు కాబట్టి కాదనలేం. 2019లో బ్యాట్‌మ్యాన్ కథల్లోని విలన్ మీద జోకర్ అనే సినిమా వచ్చింది, వెనిస్‌లో గోల్డెన్ లయన్ అనే పెద్ద సినిమా అవార్డు కొట్టింది, అమెరికాలో పెద్దల తోడు లేకుండా పిల్లల్ని రానివ్వని ఆర్ రేటింగ్ సినిమాల్లో మొదటిసారి వంద కోట్ల డాలర్లు దాటింది. అందులో ఆర్థర్ అనేవాడికి ఆపుకోలేని నవ్వు జబ్బు, ప్రభుత్వం డబ్బుల్లేవని కౌన్సెలింగ్ ఎత్తేస్తుంది, మందులు ఆగిపోతాయి, మనిషి విరిగిపోతాడు. మా హాల్లో వాడు ఏడవలేక నవ్వుతుంటే జనం కూడా నవ్వారు, టీవీ షోలో తుపాకీ పేలితే విజిల్స్. తెల్లారేసరికి నా ఫ్రెండ్స్‌లో నలుగురి డీపీలు మారిపోయాయి, అన్నీ ఆ రంగు మొహమే. అందులో ఒకడు, మా ఆఫీసులో ఎవడైనా కాస్త దిగులుగా కూర్చుంటే చాలు వీడ్ని వాల్తేరు మెంటల్ హాస్పిటల్‌కి పంపండ్రా అని జోకులేస్తాడు. వాడి డీపీ ఇప్పటికీ జోకరే.

ఇది కూడా పాత రోగమేలే. మూర్ తన వాచ్‌మెన్ కథలో రోర్షాక్ అని ఒకడ్ని పెట్టాడు, ఒంటరి, కంపు, తన మాటే న్యాయం అనుకునే రకం, వీడ్ని చూసి భయపడండ్రా అన్నట్టు రాస్తే చదివినోళ్ళు వాడ్నే హీరో చేసుకున్నారు. 2009లో సినిమా తీస్తే మూర్ తన పేరే వెయ్యొద్దన్నాడు, వెయ్యలేదు కూడా. ఇక 2024లో జోకర్ రెండో భాగంలో వాడితో పాటలు పాడించి, చివర్లో నేను జోకర్నే కాదని కోర్టులో ఒప్పించేసరికి జనానికి ఒళ్ళు మండిపోయింది, అమెరికాలో ప్రేక్షకులు ఇచ్చే సినిమాస్కోర్‌లో డి గ్రేడు. సినిమా గొప్పదని నేననట్లేదు, నాకూ ఆవులింతలొచ్చాయి. కానీ మావాళ్ళ కోపం పాటల మీద కాదు గురూ. ఐదేళ్ళు డీపీ పెట్టుకున్నోడు తీరా చూస్తే జబ్బు మనిషని తేలింది, అదీ బాధ.

2023లో చట్టం మార్చి నీ తమ్ముడు యూఏని 7, 13, 16 ఏళ్ళని మూడు ముక్కలు చేశారు, నిన్ను మాత్రం ముట్టుకోలేదు. నువ్వున్నావని వాళ్ళక్కూడా గుర్తులేదేమో.

అన్నట్టు ఆ రోజు పిల్లాడి సంగతి చెప్పలేదు కదూ. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు, జడుసుకున్నాడేమో, రాత్రికి జ్వరం వస్తే అక్క నన్ను చంపేస్తుంది అని నా భయం నాది. ఇంటికెళ్ళాక వాడు గోళ్ళు కూడా తియ్యకుండా సరాసరి లోపలికి పోయి, ఫ్రిజ్ మీదున్న మా నాన్న మాత్రల డబ్బా కింద పడేసి, ఆ ప్లాస్టిక్ గోళ్ళతో పట్టుకోలేక నానా తంటాలు పడి ఏరుకుని, తీసుకెళ్ళి ఆయన మంచం పక్కన పెట్టాడు. తాతయ్యా వేసుకున్నావా అని అడిగాడు. నాన్న వేసుకోలేదు, మర్చిపోయారు.

అక్క వంటింట్లోంచి ఇదంతా చూసి, నా వైపు తిరిగి, ఏం సినిమా చూపించావురా వీడికి అంది.

ఏ సినిమా అన్నా.

అదేరా, ఏ సినిమా?

ఇట్లు,
నువ్వు కనపడే ఆ పది సెకన్లూ ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంటూ గడిపేసే
ఒక వైజాగ్ ప్రేక్షకుడు