బోరు మోటర్లు మాత్రమే

(నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఒక ఇల్లు. ముందు గది వైండింగ్ షాపు, అంటే కాలిన మోటర్లకు మళ్లీ తీగ చుట్టే చోటు; వెనక గది సంసారం. మధ్యలో ఒక పరదా ఉంది కానీ అది మాటలను ఆపదు. సైదులు కొత్త ఫ్లెక్సీకి మ్యాటర్ రాస్తున్నాడు.)

సైదులు: ఆండాలూ, విను. "ఇచ్చట ఫ్యాన్లు, కూలర్లు, మిక్సీలు, గ్రైండర్లు, ఇస్త్రీ పెట్టెలు, గీజర్లు, ఇన్వర్టర్లు, సౌండ్ బాక్సులు, అన్ని రకాల మోటర్లు రిపేరు చేయబడును." ఎట్లుంది?

ఆండాలు: పెళ్లి కార్డు మీద బంధుమిత్రుల పేర్లలాగా ఉంది. ఫోన్ నంబర్ ఎక్కడ వేస్తావు?

సైదులు: అవును కదా. సరే, గీజర్లు తీసేస్తా.

ఆండాలు: అన్నీ తీసెయ్. "బోరు మోటర్లు మాత్రమే" అని రాయి.

సైదులు: మాత్రమేనా! ఇంటికొచ్చిన లక్ష్మిని గడప దగ్గర ఆపి, నువ్వు మిక్సీవా మోటరువా అని అడగాలా?

ఆండాలు: నీ లక్ష్మి అంతా అటక మీదే ఉంది చూడు. అన్నీ నువ్వు బాగుచేసి పెట్టిన మిక్సీలే. నూట యాభై అనగానే "సాయంత్రం వచ్చి తీసుకుంటా" అని పోయినవాళ్లవి. అది ఏ సంవత్సరం సాయంత్రమో! రాత్రి ఆ అటక కింద పడుకోవాలంటే నాకు టెన్షన్.

సైదులు: వస్తారులే.

ఆండాలు: ఎందుకొస్తారు? మిక్సీ కాలితే రోలుంది. ఫ్యాన్ కాలితే వాకిట్లో మంచముంది. మోటర్ కాలిన రైతుకు ఏముంది? వరి పొట్ట మీదున్నప్పుడు నీళ్లు ఆగితే మడి నెర్రెలిస్తుంది. బత్తాయి తోటైతే పిందె రాలిపోతుంది. అందుకే మొన్న కనగల్ నుంచి వచ్చినాయన రాత్రి పదింటిదాకా నీ ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాడు. ఒక్క రూపాయి బేరమాడాడా?

సైదులు: ఆడలేదు. పైగా చాయ్ తాగించాడు.

ఆండాలు: ఆ చాయ్ పెట్టింది నేను.

(గ్లాసులు కడిగింది కూడా ఆమే. కానీ ఆ లెక్క ఇంకో రోజుకు దాచుకుంది.)

సైదులు: కరెంటు మారింది కదనే. 2018 జనవరి 1న సేద్యానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టారు. అర్ధరాత్రి వచ్చి పోయే కరెంటుకు మోటర్లు కాలే కాలం పోయింది. ఒక్కదాన్నే నమ్ముకుంటే తినేదేంది?

ఆండాలు: కాలం పోయిందా? కరెంటు రాగానే మోటర్ దానంతటదే తిరిగేలా ఆటోస్టార్టర్ పెట్టి ఇంట్లో పడుకుంటారు. బోరులో నీళ్లు అడుగంటినా లోపల మోటర్ తిరుగుతూనే ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందంటే మిగతా రెండింటి మీద గుయ్యిమని మూలిగి కాలిపోతుంది. ఇవన్నీ నువ్వు చెప్పినవే, అన్నం తినేటప్పుడు, వద్దన్నా వినకుండా.

సైదులు: నువ్వు వింటున్నావని అనుకోలేదు.

ఆండాలు: వినడమే కాదు, రాసిపెట్టా. (పరదా వెనక నుంచి లావుపాటి నోట్‌బుక్ తెచ్చి బల్ల మీద వేస్తుంది.) పాత వైండింగ్ విప్పేటప్పుడు గట్టిగా లెక్కపెడతావు కదా. ఏ కంపెనీ, ఎన్ని హెచ్‌పీ, తీగ కూర్చునే గాడికి, అదే మీ స్లాటుకు, ఎన్ని చుట్లు, తీగ గేజు ఎంత, అన్నీ ఇందులో ఉన్నాయి. ఇంకెవడైనా చుట్లు తక్కువేసి పంపితే ఈ పుస్తకం పట్టేస్తుంది. మిక్సీలకు ఇట్లాంటి పుస్తకముందా?

సైదులు: మిక్సీకి పుస్తకమేంది? ఆర్మేచర్ మారిస్తే అయిపోయె.

ఆండాలు: అదెవరైనా మారుస్తారు. నీళ్లలో ఉండే మోటరుకు ఫ్యాన్‌లో చుట్టే ఎనామిల్ తీగ పనికిరాదు, ప్లాస్టిక్ తొడుగున్న తీగ కావాలి. దాన్ని స్లాటు లోంచి ఒక్కో చుట్టు చొప్పున చేత్తో లాగాలి. దించేముందు లోపల శుభ్రమైన నీళ్లు నింపాలి, లేకుంటే బుష్షులు అరిగిపోతాయి. ఇంత పని తెలిసినవాడివి, ఇస్త్రీ పెట్టెకు వైరు మారుస్తూ కూర్చుంటావా?

సైదులు: (మెత్తబడ్డాడు, పైకి కనబడనీయలేదు.) ఒక్క పని పట్టుకుని బాగుపడ్డవాళ్లను చూపించు.

ఆండాలు: మా ఊరు పుట్టపాకను చూడు. అక్కడ నేసే బట్ట, తేలియా రుమాల్! నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెడతారు. పాత పద్ధతిలో రంగులు మూడే, ఎరుపు, నలుపు, తెలుపు. 2020లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని సర్కారు ముద్ర, వచ్చింది.

సైదులు: గుర్తింపు వచ్చింది, సరే. మీ చిన్నాయన మగ్గం విడిచిపెట్టి హైదరాబాద్‌లో ఆటో ఎందుకు నడుపుతున్నాడు?

(ఆండాలు కాసేపు మాట్లాడలేదు. ఈ ఇంట్లో అది అరుదు.)

ఆండాలు: ఆయన నేసింది కొనేవాళ్లు ఎక్కడో ఉంటారు. బేరమంతా మధ్యలో సేటు చేతిలో. నీ గిరాకీ మోటర్‌ను ట్రాలీలో వేసుకుని నీ గడప ముందుకే వస్తాడు. రెండూ ఒకటేనా?

సైదులు: సరే తల్లీ. "బోరు మోటర్లు మాత్రమే." ఫోన్ నంబర్ పెద్దక్షరాల్లో. సంతోషమేనా?

ఆండాలు: కింద ఇంకో లైను. "మిక్సీలు తీసుకోబడవు."

(రాశాడు. ఫ్లెక్సీ అతనికి వాట్సాప్‌లో పంపాడు కూడా. అంతలో ఆండాలు ఫోన్ మోగింది.)

ఆండాలు: ఆ, చెప్పమ్మా... పొగొచ్చిందా?... పచ్చడి నూరుతుంటేనా?... సరే సరే, చెప్తా. (ఫోన్ పెట్టేసి, ఎన్నడూ లేని మర్యాదతో) ఏమండీ...

సైదులు: ఏమండీనా? ఏం కాలింది?

ఆండాలు: అమ్మ వాళ్ల మిక్సీ. రేపు పొద్దున బస్సుకు తెస్తుందట.

సైదులు: బోర్డు చదువు.

ఆండాలు: మా అమ్మ కదయ్యా!

సైదులు: అత్తమ్మ అంటే నాకు గౌరవమే. మిక్సీలకే పుస్తకం లేదు.

ఆండాలు: పోనీ, బావిలో ఒకసారి ముంచి తెమ్మంటా. అప్పుడది నీళ్లలో మునిగిన మోటరే కదా?

సైదులు: అట్లయితే తెమ్మను. అడ్వాన్సు ఐదు వందలు.

ఆండాలు: మిక్సీకి ఐదు వందలా! నూట యాభై చాలు.