ఎల్‌ఎల్‌పీకి కంపెనీ కొలతలు

ఎల్‌ఎల్‌పీ అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ. దానికి బోర్డు సమావేశాలు అక్కర్లేదు. ఏటేటా సర్వసభ్య సమావేశం అక్కర్లేదు. ఇద్దరు భాగస్వాములు, వారి మధ్య ఒక ఒప్పందం ఉంటే చాలు. సంస్థ అప్పులపాలైనా ఇంటి మీదికి రాదు. ఈ భరోసాతోనే 2008 నాటి పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థల చట్టం 2009 మార్చి 31న అమల్లోకి వచ్చింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టే స్నేహితులకు, జీడిమెట్లలో యంత్రభాగాలు తయారుచేసే బావాబామ్మర్దులకు ఎల్‌ఎల్‌పీ నచ్చిందంటే ఆ తేలికదనం చూసే.

అదే చట్టంలోని 67వ సెక్షన్ కేంద్రానికి ఒక తలుపు తెరిచి ఉంచింది. కంపెనీల చట్టంలోని ఏ నిబంధననైనా మార్పుచేర్పులతో ఎల్‌ఎల్‌పీలకు వర్తింపజేస్తూ నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. 2022 ఫిబ్రవరి 11న కేంద్రం ఆ తలుపులోంచే కంపెనీల చట్టంలోని 90, 164 తదితర సెక్షన్లను ఎల్‌ఎల్‌పీలకు తెచ్చిపెట్టింది.

వీటిలో 90వ సెక్షన్‌ను మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. సంస్థ వెనక అసలు లబ్ధిదారు ఎవరో చెప్పాలని అది కోరుతుంది. 2023 నవంబరులో ఎల్‌ఎల్‌పీల కోసం నియమాలు కూడా వచ్చాయి. భూమి ఎవరి పేరున, డబ్బు ఎవరిది అన్న ప్రశ్న హైదరాబాద్‌కు కొత్త కాదు. దాపరికానికి భాగస్వామ్యం ముసుగు కాకూడదు.

మా అభ్యంతరమంతా 164 మీద. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు వార్షిక రిటర్ను గానీ లెక్కల పత్రం గానీ దాఖలు కాకపోతే ఆ సంస్థ డిజిగ్నేటెడ్ పార్టనర్, అంటే చట్టపరమైన బాధ్యతలు చూసే భాగస్వామి, అయిదేళ్లపాటు ఆ హోదాకు అనర్హుడు. ఎప్పుడో మూలనపడిన సంస్థ కాగితాలు పట్టించుకోని మనిషి, చక్కగా నడుస్తున్న మరో సంస్థలోనూ చిక్కుల్లో పడతాడు. పెట్టుబడి 25 లక్షలు, టర్నోవరు 40 లక్షలు దాటని చిన్న ఎల్‌ఎల్‌పీలకు జరిమానాల్లో 2021 సవరణ ఊరట ఇచ్చింది. అనర్హత దగ్గరకు వచ్చేసరికి ఆ చిన్నాపెద్దా తేడా మాయమైంది.

కంపెనీల విషయంలో ఈ సెక్షన్ ఏం చేసిందో చూశాం. 2017లో దేశమంతటా 3 లక్షల మందికి పైగా డైరెక్టర్లు ఒక్క ఊపులో అనర్హుల జాబితాకెక్కారు. వారిలో డొల్ల కంపెనీల వారూ ఉన్నారు, బద్ధకించిన వారూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టారు. వేలాది మంది కోర్టులకెక్కారు. 2019 జులైలో తెలంగాణ హైకోర్టు, ఆ సెక్షన్‌ను గడిచిన కాలానికి వర్తింపజేయడం చెల్లదని, డైరెక్టర్ల గుర్తింపు సంఖ్యలను నిలిపివేయడం కుదరదని తీర్పునిచ్చింది. మన ఊరి న్యాయస్థానమే అంత స్పష్టంగా చెప్పాక, ఆ నిబంధనను ఎల్‌ఎల్‌పీలకు తెచ్చేటప్పుడు వేటుకు ముందు నోటీసు, జవాబు చెప్పుకునే గడువు తప్పనిసరి చేసి ఉండాల్సింది.

ఇంకో కష్టం ఉంది. ఎల్‌ఎల్‌పీ చట్టంలో ఉన్నవే 81 సెక్షన్లు. అందులో 164ను భాగస్వామి ఎక్కడ వెతుక్కోవాలి? కంపెనీల చట్టం తెరిస్తే డైరెక్టరు అని ఉంటుంది. తనకు వర్తించే పాఠం నోటిఫికేషన్ పట్టికలో ఉంటుంది. ఆడిటరుకు ఫీజు ఇచ్చుకోగలిగినవాడికి ఇది తెలుస్తుంది. మిగతావాడికి వేటు పడ్డాకే తెలుస్తుంది.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ వర్తించే నిబంధనలన్నిటినీ ఒకే ప్రతిగా కూర్చి, తెలుగుతో సహా భారతీయ భాషల్లో వెలువరించాలి. చిన్న ఎల్‌ఎల్‌పీలకు బకాయి పత్రాలు దాఖలు చేసుకునే చివరి అవకాశం ఇచ్చాకే అనర్హత అమలు చేయాలి. 67వ సెక్షన్ ప్రకారం ముసాయిదా నోటిఫికేషన్ 30 రోజులు పార్లమెంటు ముందుండాలి. తర్వాతి ముసాయిదా సభ ముందుకు వచ్చినప్పుడు, తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఆ 30 రోజుల్లో దాన్ని చదివి, సభలో లేచి మాట్లాడాలని కోరుతున్నాం.