పాపం రౌటర్‌ది

వైర్‌లెస్ పరికరాల వల్ల ఆరోగ్యానికి ముప్పు ఉందా లేదా అని ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు గానీ, వాటి వల్ల మనకు జరుగుతున్న మేలు ఒక్కరూ లెక్కకట్టిన పాపాన పోలేదు. మెడ పట్టేసిందా? తరంగాలు. నిద్ర పట్టలేదా? తరంగాలు. తాళంచెవులు ఎక్కడ పెట్టామో గుర్తు రావట్లేదా? ఇక అనుమానమే లేదు. పూర్వం ఈ బరువంతా శనిగ్రహం ఒక్కటే మోసేది. అదేమో వంద కోట్ల కిలోమీటర్లకు అవతల తిరుగుతూ ఉంటుంది, పట్టుకుంటే ఏడున్నరేళ్లకు గానీ వదలదు. రౌటర్ అలా కాదు. హాల్లోనే ఉంటుంది, పైగా స్విచ్ ఉంటుంది.

ఈ శాస్త్రంలో నాకు తెలిసినంతలో మా బావగారిని మించినవారు లేరు. రాత్రి పది కొట్టగానే స్వయంగా లేచివెళ్లి రౌటర్ కట్టేస్తారు. ఇల్లు శుద్ధి అయిందన్న తృప్తితో మంచమెక్కి, దుప్పటి ముసుగేసుకుని, మొబైల్ డేటా పెట్టుకుని, రేడియేషన్ ప్రమాదాల మీద వీడియోలు ఒంటిగంట దాకా చూస్తారు. పొద్దున్నే కళ్లు మండుతూ లేస్తారు. "చూశావా, కట్టేసినా దాని ప్రభావం గదిలో ఉండిపోతుంది" అంటారు.

2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాలు ఎంత శక్తితో బయటికి రావచ్చో ఐరోపావాళ్లు గీసిన గీత వాట్‌లో పదో వంతు. అదైనా గది అవతల నుంచి రావాలి, దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. వైఫై లేనప్పుడు ఫోన్ ఎక్కడో ఉన్న టవర్‌ని పిలుచుకోవాలి. టవర్ ఎంత దూరమైతే అంత గట్టిగా అరవాలి. 4జీ ఫోన్ గొంతు చించుకుంటే వాట్‌లో ఐదో వంతు దాకా వెళ్తుంది, అదీ మొహానికి జానెడు దూరంలో. అంటే హాల్లో గుసగుసలాడుకునేవాణ్ణి బయటికి గెంటి, అరిచేవాణ్ణి తెచ్చి పక్కలో పడుకోబెట్టుకున్నారన్నమాట. ఈ ముక్కే చెప్తే కాసేపు ఆలోచించి, "అయితే ఆ టవర్ కూడా పీకించెయ్యాలంటావ్" అన్నారు. నేను నోరు మూసుకున్నాను.

మైక్రోవేవ్ ఒవెన్ నడిచేదీ ఇంచుమించు ఇదే ఫ్రీక్వెన్సీలో అన్నది బావగారి బ్రహ్మాస్త్రం. నిజమే. ఒవెన్‌లో ఏడెనిమిది వందల వాట్లు ఒక ఇనప్పెట్టెలో బిగించి ఉంటాయి, రౌటర్‌లో వాట్‌లో పదో వంతు ఇల్లంతా చెదిరిపోతుంది. అగరొత్తి నిప్పుతో చలి కాచుకున్నట్టు. కణాల్లోని డీఎన్‌ఏని ఎక్స్‌రేల్లాగా దెబ్బతీయాలంటే ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టే సత్తా ఉండాలి. వైఫై ఫోటాన్‌కి, అంటే ఆ తరంగం మోసుకొచ్చే ఒక్కో శక్తి పొట్లానికి, ఉన్నది అందులో పది లక్షల్లో ఒక వంతు. బావగారు వెలిగించుకునే బెడ్‌లైట్ ఫోటాన్ కూడా దీనికి లక్ష రెట్ల పైమాటే. అంతెందుకు, ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వంద వాట్ల దాకా వేడి వస్తూ ఉంటుంది. చెవిలో బ్లూటూత్ పది మిల్లీవాట్లు దాటడమే అరుదు. పది వేల రెట్లు తేడా. నిజంగా జాగ్రత్తపరులైతే మనం ముందు స్విచ్ ఆఫ్ చెయ్యాల్సింది బంధువుల్ని.

అయినా నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ ఉంది, దాచను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలను '2బి' అనే జాబితాలో పెట్టింది. క్యాన్సర్‌కి కారణం కావచ్చేమో, ఆధారాలు మాత్రం అంతంతమాత్రం అన్నవాటికి అదొక వెయిటింగ్ హాలు. మూడు వందలకు పైగా ఉన్నాయి అందులో. బావగారు ఆ పేజీని ప్రింటు తీయించి ఫ్రిజ్‌కి అంటించారు. ఫ్రిజ్ లోపల ఆయన రోజూ పరగడుపున తాగే సీసా ఉంటుంది, ఒంట్లో చేరిన రేడియేషన్ కడిగెయ్యడానికట. కలబంద రసం. లేబుల్ తిప్పి చూశాను: ఆకు మొత్తంగా తీసిన సారం. అది కూడా అదే 2బిలో ఉంది. తలుపు మీద ఒకటి, తలుపు వెనక ఒకటి.

ఆ తర్వాత జరిగిన ముచ్చట మాత్రం ఫ్రిజ్ మీదకి ఎక్కలేదు. బ్రిటన్‌లో లక్షలాది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2022లో లెక్క తేల్చారు, ఫోన్ వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ మెదడు కణితుల్లో తేడా కనపడలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 63 అధ్యయనాలు తిరగేసి అదే మాట చెప్పింది. బావగారికి మనుషుల లెక్కలు ఆనవు, ఎలకల మీద చేసినవి కావాలి. సరే, ఎలకలు. 2018లో అమెరికావాళ్లు బయటపెట్టిన ప్రయోగంలో, రోజుకి తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లు ఒళ్లంతా తరంగాలు పట్టిస్తే కొన్ని మగ ఎలకల గుండెల్లో కణితులు వచ్చాయి. తరంగాలు తగలని ఎలకల కంటే తగిలిన మగ ఎలకలే ఎక్కువ కాలం బతికాయన్నది అదే నివేదికలోని ముక్క. ఆయుష్షు కోసం ఎవరైనా రౌటర్‌ని కౌగిలించుకున్నట్టు మాత్రం వినలేదు. సగమే చదవడంలో మనకి పక్షపాతం పాడూ లేవు, ఎప్పుడూ భయపడే సగమే చదువుతాం.

ఒకసారి మా అక్కకి విసుగొచ్చింది. రౌటర్ మీద మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ లైటు చూసినప్పుడల్లా ఆయన కణతలు నొక్కుకుంటున్నారు. ఓ మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు వేలెడు నల్లటేపు చించి ఆ లైటు మీద అంటించేసింది. రౌటర్ నడుస్తూనే ఉంది. సాయంత్రం బావగారు లేచి, దానికేసి చూసి, "అబ్బ, ఇప్పటికి తలనొప్పి దిగింది" అన్నారు. నాలుగు రోజులు హాయిగా ఉన్నారు. ఐదోరోజు జిగురు ఊడి టేపు వేలాడింది, నొప్పి తిరిగొచ్చింది.

నవ్వొచ్చినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ నొప్పి అబద్ధం కాదు. తమ ఒంటికి తరంగాలు పడవని చెప్పేవాళ్ల మీద, ఎప్పుడు ఆన్‌లో ఉందో ఎప్పుడు ఆఫ్‌లో ఉందో ఇటు పరీక్షించేవారికీ అటు కూర్చున్నవారికీ తెలియకుండా నలభైకి పైగా ప్రయోగాలు చేశారు. బాధ నిజంగానే పడ్డారు, కాకపోతే ఆఫ్‌లో ఉన్నప్పుడూ అంతే పడ్డారు. భయానికి కూడా తల నొప్పించే శక్తి ఉంది. దాన్ని కొలిచి ఫోన్ డబ్బా మీద ముద్రించే చట్టం ఇంకా రాలేదు.

భయం ఉన్నచోట దుకాణం ఉంటుంది. బావగారి ఫోన్ వెనక బంగారు రంగు స్టిక్కర్ ఒకటుంది, తరంగాలను మింగేస్తుందట. నిజంగా మింగితే ఫోన్ సిగ్నల్ అందక ఇంకా ఎక్కువ పవర్‌తో అరవాలి, మింగకపోతే అది స్టిక్కర్. ఆ తర్వాత మెళ్లో లాకెట్ వేసుకుంటానన్నారు, 5జీ నుంచి కాపాడేది. సరిగ్గా అలాంటి సరుకు మీద జరిగిన పరీక్షల ఫలితాలనే 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ బయటపెట్టింది. లాకెట్లు, నిద్రపోయేటప్పుడు కళ్లకు కట్టుకునే మాస్కు, పిల్లల చేతి కడియం, మొత్తం పది వస్తువులు. రేడియేషన్ నుంచి కాపాడతామన్న ఆ పదీ స్వయంగా రేడియోధార్మికం. అదీ ఎలక్ట్రాన్లను ఊడగొట్టే అసలు సిసలు రకం. ఒంటికి తగిలేలా పెట్టుకోవద్దు, చెత్తబుట్టలో కూడా వెయ్యొద్దు, మూసిపెట్టి ఉంచండి అని జనానికి చెప్పాల్సొచ్చింది. ఇది నేను కల్పించి రాసి ఉంటే మరీ అతిగా ఉందని మీరే తిట్టేవారు.

బ్లూటూత్ మీద నమ్మకం లేక ఆయన వైరున్న ఇయర్‌ఫోన్లే వాడతారు, వాల్యూమ్ చివరంటా పెట్టి. ఎదుటి సోఫాలో కూర్చున్న నాకు పాట పల్లవితో సహా వినిపిస్తుంది. చెవులు చెడకుండా ఉండాలంటే 80 డెసిబెల్స్ మోత వారానికి 40 గంటలు, 90 అయితే నాలుగే గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థే లెక్క కట్టింది. చెప్పాను. వినపడలేదు.

మొన్న ఆయన దగ్గర్నుంచే ఫోన్ వచ్చింది. ఆయన మాటల వెనకే ఎడాపెడా హారన్లు.

"ఎక్కడున్నారు బావగారూ?"

"కారు నడుపుతున్నానోయ్."

"చెవి దగ్గర పెట్టుకుని నడుపుతున్నారా?"

"ఛ, నాకా మాత్రం తెలియదా? రేడియేషన్ కదా! స్పీకర్లో పెట్టి, ఎడంచేత్తో బారెడు దూరంలో పట్టుకున్నా. స్టీరింగ్‌కి ఒక్క చెయ్యి చాలదూ?"

ఫోన్ వాడుతూ బండి నడిపేవాళ్లకి ప్రమాదం నాలుగు రెట్లని చెప్పబోయాను. కీచుమని బ్రేకు చప్పుడు. ఎవరో కిటికీలోంచి పెద్దగొంతుతో ఏదో అన్నారు. కాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

"చూశావా," అన్నారు బావగారు చివరికి, గొంతు ఇంకా వణుకుతుండగా, "ఈ తరంగాలు మనిషికి ఏకాగ్రత లేకుండా చేసేస్తున్నాయోయ్."