తిండి తగ్గించి, నొప్పి ఓర్చుకుంటేనే సాధారణ కాన్పా?

గర్భిణుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం: “మన అమ్మమ్మలు ఏ మందూ లేకుండా పదిమందిని కన్నారు. నొప్పి తగ్గించడానికి నడుముకు ఇచ్చే ఇంజెక్షన్ వల్ల జీవితాంతం నడుమునొప్పి, పైగా సిజేరియన్ ఖాయం. ఎనిమిదో నెల నుంచి తిండి తగ్గిస్తే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు తేలికవుతుంది. ఐరన్ మాత్రలతో బిడ్డ నల్లగా పుడుతుంది. ఆసుపత్రుల్లో ఇప్పుడు పెడుతున్న మిడ్‌వైఫ్‌లు పాత మంత్రసానులే.”

దీన్ని పంపేవారి భయం ఊరికే పుట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. కానీ ఆ భయానికి ఈ సందేశం చెప్పే విరుగుడు గర్భిణి నోటి దగ్గర ముద్దను లాగేస్తుంది, ఆమెకు దక్కాల్సిన ఊరటనూ లాగేస్తుంది.

అన్నింటికంటే ప్రమాదకరమైనది తిండి తగ్గించమనే సలహా. కాన్పు సాఫీగా జరగడం బిడ్డ తల ఎలా తిరిగి ఉంది, నొప్పులు ఎంత బలంగా వస్తున్నాయి, తల్లి కటి నిర్మాణం ఎలా ఉంది అనే వాటిపై ఆధారపడుతుంది. పస్తులుంటే వీటిలో ఏదీ మెరుగుపడదు. తల్లి నీరసపడుతుంది, బిడ్డ రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టే ముప్పు పెరుగుతుంది. బిడ్డ మరీ పెద్దగా పెరగడానికి ఒక ముఖ్య కారణం గర్భంలో వచ్చే మధుమేహం. దానికి చేయవలసింది చక్కెర పరీక్ష, ఆహారంలో మార్పు, అవసరమైతే మందు.

అలాగని ఇద్దరి తిండీ తినమనే పెద్దల మాటా సరికాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలే. ఒక గుడ్డు, గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగలు కలిస్తే దాదాపు అంత వస్తుంది. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణికి ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చేది ఇందుకే. వాటిని మొహమాటపడి వదులుకోవద్దు.

ఐరన్ మాత్రతో నల్లబడేది మలం మాత్రమే. బిడ్డ చర్మపు రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది. కుంకుమపువ్వు దాన్ని మార్చలేదు, ఐరనూ మార్చలేదు. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అలాంటి తల్లికి కాన్పులో రక్తం ఎక్కువగా పోతే తట్టుకునే శక్తి ఉండదు. రంగు మీద మోజుతో మాత్రలు మాన్పించేవారిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. మాత్రతో వికారం, మలబద్ధకం వస్తే మానేయకుండా ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు చెప్పాలి. భోజనం తర్వాత రాత్రిపూట వేసుకుంటే చాలామందికి వికారం తగ్గుతుంది. టీ, కాఫీలతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోకూడదు. కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

ఇక నడుము ఇంజెక్షన్, అంటే ఎపిడ్యూరల్. మత్తు డాక్టర్ వెన్ను దిగువన సన్నని గొట్టం అమర్చి మందు ఇస్తారు. దానివల్ల సిజేరియన్లు పెరగవని, దీర్ఘకాలిక నడుమునొప్పి రాదని అనేక పరిశోధనలను కలిపి చూసి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2018 సమీక్ష తేల్చింది. ఇబ్బందులు లేవని కాదు. రక్తపోటు తగ్గవచ్చు, జ్వరం రావచ్చు, కాళ్లు బరువెక్కవచ్చు, కాన్పు కొంత ఆలస్యం కావచ్చు, కొద్దిమందికి తలనొప్పి వస్తుంది. ఇవన్నీ ముందే చెప్పి, నిర్ణయం ఆమెకు వదలాలి. నొప్పి తగ్గించమని కోరిన ఆరోగ్యవంతురాలైన గర్భిణికి ఎపిడ్యూరల్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సిఫారసు చేసింది. అడిగినందుకు ఆమెను “ఓర్పు లేనిది” అనే హక్కు ఎవరికీ లేదు.

ఇంజెక్షన్ వద్దనుకున్నవారికీ, అది దొరకని ఆసుపత్రుల్లో ఉన్నవారికీ ఊరట ఉంది. మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు పని సరిగ్గా ఇక్కడే తెలుస్తుంది. నడిపించడం, పెద్ద బంతి మీద కూర్చోబెట్టడం, నడుము మర్దన, వేడి కాపడం, ఊపిరి మీద ధ్యాస, కావలసిన భంగిమలో ఉండనివ్వడం, మధ్యమధ్య తాగడానికి, తినడానికి ఇవ్వడం ఆమె చేయించేవే. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన వదలకుండా ఉండటం. నొప్పుల సమయమంతా తోడు ఉన్న స్త్రీలకు సిజేరియన్లు తగ్గుతాయని, కాన్పు కాస్త త్వరగా అవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. సిజేరియన్ భయంతో సందేశాలు పంపేవారు ప్రచారం చేయవలసింది ఈ విషయాన్ని.

మంత్రసానుల అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇప్పటి మిడ్‌వైఫ్‌లు నర్సింగ్ చదివి, ఆపైన 18 నెలలు ప్రత్యేక శిక్షణ పొందినవారు. తెలంగాణలో ఈ శిక్షణ 2017లో యూనిసెఫ్, హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో కరీంనగర్‌లో మొదలైంది. ఎపిడ్యూరల్ వాళ్లు ఇవ్వరు. బిడ్డ గుండె చప్పుడులో తేడా వచ్చినా, రక్తస్రావమైనా వెంటనే డాక్టర్‌ను పిలుస్తారు.

అమ్మమ్మల సంగతికొస్తే, పదిమందిని కన్నవాళ్లే ఆ కథ చెప్పగలిగారు. కాన్పులో పోయినవాళ్లు చెప్పలేరు. 1990 ప్రాంతంలో దేశంలో లక్ష సజీవ జననాలకు 500కు పైగా తల్లులు చనిపోయేవారని అంచనా. 2018-20 నాటికి అది 97కు, తెలంగాణలో 43కు, ఆంధ్రప్రదేశ్‌లో 45కు దిగింది.

ఈ నెల చెకప్‌కు వెళ్లేవారు ఆసుపత్రిలో మూడు విషయాలు అడగండి. ఇక్కడ మిడ్‌వైఫ్ ఉన్నారా? ప్రసవ గదిలోకి అమ్మనో, భర్తనో రానిస్తారా? నొప్పి తగ్గించడానికి ఏమేమి ఇస్తారు, మత్తు డాక్టర్ రాత్రిపూట కూడా ఉంటారా?